డాబా మీద పాట

"ఆ కేరేజీ ఎవులికే తులసీ?"

"ఎవులికో నీకు తెల్దేటత్తా?"

"తెలుసు గనకే అడుగుతన్నాను. మన ఇంటి డబ్బు తినీసినోడికి మన ఇంటి కూడెందుకూ అని."

"తిన్నాడని ఎవులు సూసినారు? నిన్న మజ్జానం కాడి నుంచి టేసన్లో ఉన్నాడు. ఏటి పెట్టినారో, పెట్టనేదో."

"పెడతారు. గవర్మెంటు కూడు లోటేటి? ఇలా తే ఆ గిన్ని."

అనూరాధ వీధి మలుపు తిరగకముందే ఈ తగువు మొదలైంది. ఆమె చెప్పుల్లో ఇసుక దులుపుకుని గోడ పట్టుకుని వాకిట్లోకి వచ్చేసరికి కూడా తెమల్లేదు. కోడలు తులసి చేపల కూర కేరేజీ గిన్నెలోకి ఒంపుతోంది. అత్త దేముడమ్మ ఆ గిన్నె లాక్కుని కూరను మళ్ళీ దాకలోకి ఒంపుతోంది. కూర అటూ ఇటూ తిరిగి తిరిగి ముక్కలు చిదికిపోతున్నాయి. గుమ్మంలో పరాయి మనిషిని చూసి ఇద్దరూ ఒక్కసారే ఆగిపోయారు.

అత్తాకోడళ్ళ తగువులు అనూరాధకు కొత్త కాదు. పోలీసు శాఖలో హెడ్ కానిస్టేబుల్‌గా ఉన్నప్పుడు సగం ఉద్యోగం అవే విన్నది. ఉద్యోగం వదులుకుని విజయనగరంలో సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచాక కూడా వచ్చేవన్నీ పెళ్ళి సంబంధాల వాకబులు, మొగుళ్ళ మీద అనుమానాలు. మోకాళ్ళ నొప్పి ఒకటి దానికి తోడు. ఈ సముద్రపొడ్డు పాలేనికి రెండు బస్సులు మారి రావాల్సి వచ్చింది. రానని చెప్పడానికి తాయారు ఏడుపు అడ్డం పడింది.

తాయారు కొత్తవలసలో బట్టలు కుట్టుకుంటుంది. ఆమె తమ్ముడు త్రినాథ్ చీపురుపల్లి స్టేషన్ దగ్గర నెట్ సెంటర్ నడుపుతాడు. మొన్న పొద్దున ఈ ఇంటి పెద్ద నూకయ్య బ్యాంకు అకౌంటులోంచి నెట్ బ్యాంకింగ్‌లో డబ్బు పోయింది. పోయిన డబ్బు కొత్తవలసలో వేరే బ్యాంకు అకౌంటులో చేరింది. పోలీసులకు అంతకన్నా ఏం కావాలి? నిన్న త్రినాథ్‌ను పట్టుకెళ్ళారు. ఇవాళ మధ్యాహ్నం కోర్టులో పెడతారు. అక్కను కూడా తెచ్చి కూర్చోబెడతామన్నారట.

"ఆడికి రైల్వేలో ఉజ్జోగం వచ్చిందమ్మా. పోలీసు ఎంక్వయిరీ ఒక్కటే మిగిలింది. కేసు రాసీసినారంటే మరింకా ఆ ఉజ్జోగం ఉండదు" అని తాయారు నిన్న రాత్రి అనూరాధ ఇంటి గడప మీద కూలబడింది.

"నూకయ్య గారు ఉన్నారామ్మా?" అని అడిగింది అనూరాధ.

దేముడమ్మ చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ పక్కకు తప్పుకుంది. "ఎనకాతల ఉన్నాడు. ఎల్లండి. మీరు ఆ కుర్రోడి తరపునేటి?"

"నిజం తరపున."

"దాని తరపున వొచ్చినోలికి ఛార్జీలెవులిస్తారు?" అంది దేముడమ్మ. ఆ మాటలో ఎగతాళి ఉందో జాలి ఉందో అనూరాధకు తెలియలేదు.

*

నూకయ్య వల ముందేసుకుని కూర్చున్నాడు. పడవ అమ్మేసిన మనిషికి ఇంకా వలతో పనేమిటో. చేతులు ఊరుకోక కాబోలు. కొడుకు ధనరాజు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, అస్తమానం టైము చూసుకుంటూ తిరుగుతున్నాడు.

"దొంగని పోలీసోలు పట్టీసినారు కదా మేడమ్. మరి మీరొచ్చి ఏటి సేస్తారు?" అన్నాడు ధనరాజు.

"వచ్చాను కదా, నాలుగు ముక్కలు అడిగి పోతాను. మీకేదో తొందరున్నట్టుంది."

"పన్నెండుకి సెరువు కాయితాలు. రొయ్యల సెరువు, భాగానికి తీసుకుంటన్నాం. ఈరోజు అడ్వాన్సు ఈకపోతే ఆ సెరువాయన ఇంకోలికి ఇచ్చీస్తాడు. పోలీసోలు ఈ పూటకి డబ్బు రప్పిస్తారేమోనని సూస్తన్నాను."

"డబ్బు పోయిందని ఎలా తెలిసింది?"

"నిన్న పొద్దున అడ్వాన్సు పంపుదారని అయ్యా నానూ సీపురుపల్లి త్రినాథ్ కొట్టుకే ఎల్లినాం. ఆడే కంప్యూటర్లో తెరిసి, ఇదేటి బావా, డబ్బు తగ్గిపోనాదీ అన్నాడు. ఏటీ తెల్నట్టు మొకం పెట్టినాడు."

"మొత్తం పోలేదటగా?"

నూకయ్య తలెత్తాడు. "మొత్తం పోనేదమ్మా. పడవ అమ్మిన డబ్బంత మిగిలున్నాది. అదొక్క అదృష్టం. సెరువుకి మాత్రం సాలదు."

"అయితే పోయిన డబ్బు ఎక్కడిది?"

"డబ్బుకి రంగుంటాదేటమ్మా? అన్నీ కలిపే ఉంటాయి. సేపల ఏట డబ్బూ, మా ఆవిడ ఎండుసేపలమ్మిన డబ్బూ."

"ఆవిడ డబ్బు కూడా మీ పేరనే పడుతుందా?"

"ఎనకటికి దాని రొండిని సంచిలో ఉండీది. సేప మాది, డబ్బు ఆడోలది. మాకు సుట్ట కావాలన్నా ఆలనే అడిగీవోలం." నూకయ్య నవ్వాడు. "బేంకులొచ్చినాక మొగోడి పేరున తెరిసినారు కదా. దాంతో మారిపోనాది."

తలుపు చాటున గాజులు కదిలాయి. తులసో దేముడమ్మో చూసే లోపలే ఆ మనిషి తప్పుకుంది.

"ఆ నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డు ఎవరెవరికి తెలుసు?"

"త్రినాథ్‌కి తెలుసు. ఆడి ముందే పెట్టినాం" అన్నాడు ధనరాజు. "తులసికీ తెలుసు. అది ఇంటర్ సదివినాది, అదే టైపు సేసింది. గానీ తులసి మొన్న గుమ్మం దాటనేదు. బస్సెక్కి సీపురుపల్లి ఎల్లకుండా దానేటి సేస్తాది?"

"ఇంట్లో కంప్యూటరు ఉందని తాయారు చెప్పింది."

"ఉన్నాది. దాన్లో బేంకు తెరుసుకోదు. కావాలంటే సూడండి."

*

మధ్యగదిలో కిటికీ పక్కన, చిన్న బల్ల మీద పాత కంప్యూటరు ఉంది. మోనిటరు మూల పెంగ్విన్ బొమ్మ అంటించి ఉంది.

"సెల్లుల్లోకి పాటలెక్కించే కొట్టు పెడదారని కొన్నాను. కొత్త విండోసు ఈ పెట్టి మొయ్యనేదన్నాడు త్రినాథ్. దానికి బదులు ఆ పెంగ్విన్ బొమ్మ లినక్స్ ఎక్కించినాడు. అన్నీ బాగానే వస్తాయి. బేంకు సైటు మాత్రం రానివ్వదు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఉంటేనే రా అంటాది. అది దీన్లో ఉండదట. త్రినాథ్ రెండు మూడు మాట్లు వొచ్చి కూకున్నాడు. నా వల్ల కాదు బావా అనీసినాడు. అందికే రూపాయి పంపాలన్నా సీపురుపల్లి పోవాల."

బయటినుంచి ఎవరో పిలిస్తే ధనరాజు వెళ్ళాడు. అనూరాధ కుర్చీ లాక్కుని కూర్చుంది. మోకాళ్ళు టకటక చప్పుడు చేశాయి.

ఈ గొడవ ఆమెకు తెలుసు. తెలియడం కాదు, కాపురంలో భాగంగా అనుభవించింది. ఆమె భర్త నారాయణమూర్తి సర్కారు బడిలో లెక్కల మాస్టారు. బళ్ళో కంప్యూటర్లకు లినక్స్ వేశారని, ఇంట్లో కూడా అదే వేశాడు. జీతం పడిందో లేదో చూద్దామంటే బ్యాంకు సైటు లోపలికి రానివ్వలేదు. నెల రోజులపాటు సాయంత్రాలన్నీ దానికే. "ఇదిగో, అయిపోయింది, ఒక్క నిమిషం" అంటూనే ఉండేవాడు. అన్నం చల్లారిపోయేది. నెట్ సెంటరుకు పోయి చూసుకోవచ్చు కదా అంటే అలిగేవాడు. ఆఖరికి ఒక రాత్రి లేపి మరీ చూపించాడు. బ్రౌజరు ఏ సైటు గుమ్మంలోకి వెళ్ళినా ముందు తన పేరూ ఊరూ చెప్పుకుంటుందట. నేను ఫలానా, ఫలానా కంప్యూటరు నుంచి వచ్చాను అని. ఆ చెప్పే మాట మనం మార్చవచ్చట. "అబద్ధం చెప్పించాను, తలుపు తీసింది" అని చిన్నపిల్లాడిలా నవ్వాడు. నిద్ర పాడైందని ఆమె విసుక్కుంది.

ఆ విసుగు ఇవాళ పనికొచ్చింది. అనూరాధ ఏదీ మార్చకుండానే బ్యాంకు అడ్రసు కొట్టింది.

పేజీ మెల్లగా విచ్చుకుంది. మొదట బ్యాంకు పేరు, తర్వాత గీతలు, ఆ తర్వాత యూజర్ నేమ్ అడిగే గడి. ఎవరూ రావద్దనలేదు. గడిలో చిన్న గీత వెలుగుతూ ఆరుతూ ఉంది.

వెనక గిన్నె చప్పుడైంది. అనూరాధ తల తిప్పింది. గుమ్మంలో తులసి, చేతిలో ఖాళీ కేరేజీతో నిలబడి ఉంది.



"టీ తాగుతారా?" అంది తులసి.

"వద్దమ్మా."

"మంచినీళ్ళు?"

"ఏమీ వద్దు. నువ్వు కూర్చో."

తులసి కూర్చోలేదు. కేరేజీని పొట్టకు ఆనించుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. వాకిట్లో జీపు ఆగిన చప్పుడైంది.

*

ఎస్సై నరసింగరావు టోపీ తీసి చంకలో పెట్టుకుని లోపలికి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏదో బందోబస్తు నుంచి తిన్నగా వచ్చినట్టున్నాడు. ఒకప్పుడు అనూరాధ ఆయన స్టేషన్లోనే పనిచేసింది.

"అనూరాధ గారా! పెళ్ళికొడుకుల వాకబులు మానేసి దొంగల్లో పడ్డారేంటి?"

"పెద్ద తేడా ఏం లేదు సార్. దొంగలైతే కట్నం అడగరు."

ఆయన నవ్వలేదు. "తాయారు మీ దగ్గరికి వచ్చిందని విన్నాను. అనవసరంగా ఆవిడ డబ్బులు తినకండి. కేసు అయిపోయింది. ఫిర్యాదుదారుడి సంతకం ఒకటి తక్కువైంది, దానికే వచ్చాను. ఇటునుంచి ఇటే వాణ్ణి కోర్టుకు తీసుకుపోతాను."

"ఏముంది సార్ వాడి మీద?"

"పాస్‌వర్డు తెలుసు. డబ్బు వాడి అక్క ఉన్న ఊరికి పోయింది. కొట్లో పొద్దున్నే ఒక్కడే ఉన్నాడు, సాక్షి లేడు. ఇంకేం కావాలి?"

"కొత్తవలస అకౌంటు ఎవరి పేరన ఉందో తెలిసిందా?"

"అది వేరే బ్యాంకు. పై ఆఫీసుకు రాశాం. జవాబు రావాలి."

"రాకుండానే కోర్టుకా?"

"మీరు నాకు డ్యూటీ నేర్పొద్దు" అని ఆయన గొంతు పెంచాడు. ఆ వెంటనే అలసిపోయినట్టు కిటికీకి ఆనుకున్నాడు. "చూడండి, ఈ బ్యాంకువాళ్ళు ఒక మాట రూఢిగా చెప్పారు. మొన్న పొద్దున ఏడున్నర ప్రాంతంలో లోపలికి వచ్చింది విండోస్ కంప్యూటరు, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్. ఈ పాలెంలో ఉన్నది ఈ ఒక్క కంప్యూటరు. ఇందులో ఆ రెండూ లేవు. అంటే బయటివాడే."

"ఏ విండోస్ అన్నారు?"

"ఎక్స్‌పీ."

"త్రినాథ్ కొట్టు బోర్డు చూశారా? అన్నీ విండోస్ సెవెన్ అని ఇంతింత అక్షరాలతో రాయించుకున్నాడు."

"మూలన ఒక పాతది ఉండదా?"

"ఉందా? వెతికారా?"

 అనూరాధ కుర్చీ పక్కకు జరిపి, తెర మీద ఉన్న బ్యాంకు పేజీ చూపించింది. తర్వాత ఇంకో సైటు తెరిచింది. వచ్చినవాళ్ళ కంప్యూటరు ఏమిటో, బ్రౌజరు ఏమిటో తిరిగి వాళ్ళకే చెప్పే సైటు అది. తెర మీద రెండు ముక్కలు పడ్డాయి. విండోస్ ఎక్స్‌పీ. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్.

ఎస్సై ఆ మాటలు చదివాడు. మోనిటరు మూల ఉన్న పెంగ్విన్‌ను చూశాడు. మళ్ళీ చదివాడు.

"ఇదేంటి, అబద్ధం చెప్తోందా?"

"చెప్పకపోతే బ్యాంకు గుమ్మం దాటనివ్వదు సార్, పాపం. ఎవరో నేర్పారు దీనికి. త్రినాథ్ కాదు. వాడైతే ఇది తెరుచుకుంటుందని చెప్పి ఈపాటికి బయటపడేవాడు. మా ఇంట్లోనూ ఇదే తంతు, మా మాస్టారు నెల రోజులు తిండి మానేసి చేశారు."

అప్పటికే ధనరాజు గుమ్మంలోకి వచ్చి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. "అదేటి? దీన్లో బేంకు తెరుసుకుందా?"

"తెరుచుకుంటే మాత్రం చాలదు" అన్నాడు నరసింగరావు, పట్టు వదలకుండా. "డబ్బు కదలాలంటే ఆరంకెల నెంబరు ఒకటి నూకయ్య ఫోనుకు మెసేజ్ వస్తుంది. అది వెంటనే కొట్టాలి, ఆలస్యమైతే పనికిరాదు. ఫోనులో ఆ మెసేజే లేదు. డూప్లికేట్ సిమ్ము తీసుంటాడని నా అనుమానం."

"లేదా చదివాక చెరిపేసుంటారు. మొన్న పొద్దున నూకయ్య ఫోను ఎక్కడుంది ధనరాజూ?"

"డాబా మీద. ఎప్పుడూ అక్కడే ఉంటాది. కింద సిగ్నల్ రాదు మేడమ్. నెట్టు మాత్రం లేండులైను తీగ మీద వస్తాది."

*

మెట్లు ఇంటి పక్కన బయటనుంచి ఉన్నాయి. పట్టుకోవడానికి పిట్టగోడ కూడా లేదు. అనూరాధ ఒక్కో మెట్టుకూ ఆగి ఎక్కింది. ముందు ఎక్కిన నరసింగరావు వెనక్కి తిరిగి చెయ్యి అందించాడు. ఆమె పట్టుకుంది. దెబ్బలాటల్లో కూడా ఆ మర్యాద ఒకటి మిగిలే ఉంది వాళ్ళ మధ్య.

డాబా నిండా నెత్తళ్ళ చేపలు ఎండుతున్నాయి. మధ్యలో వెదురు కొయ్య పాతి ఉంది. దానికి ప్లాస్టిక్ కవర్లలో రెండు ఫోన్లు వేలాడుతున్నాయి, తండ్రిదొకటి, కొడుకుదొకటి. ఎదురుగా ఇసుకలో పడవలు. ఆ పడవల దగ్గరే రోజూ పొద్దున చేపల వేలం పాట జరుగుతుంది. ఇవాళ్టి పాట అయిపోయినట్టుంది. పాట పాడించే గంగులు ఖాళీ బుట్టలు ఒకదాంట్లో ఒకటి దోపుతున్నాడు.

అనూరాధ డాబా అంచుకు వెళ్ళి కిందికి చూసింది. కాళ్ళ కిందనే మధ్యగది కిటికీ. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి.

"ఓ బాబూ! మొన్న పొద్దున పాటప్పుడు ఈ డాబా మీద ఎవరున్నారు?" అని కేకేసింది.

గంగులు చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూశాడు. పోలీసు బట్టలు కనబడగానే రెండడుగులు ముందుకొచ్చాడు. "ఇంకెవులుంటారమ్మా? దేముడమ్మే! పాట మొదలెట్టిన కాడి నుంచి అక్కడే ఉన్నాది. రోజూ అంతే. సేపలు కాసుకుంటా, కాకుల్ని తోల్తా, పైనుంచే పాట పాడతాది. కిందికి దిగి రాదు మారాణి!"

"ఇంకెవరైనా ఎక్కారా?"

"నేదు. ఎక్కితే కనపడరేటి? గానీ మొన్న దేముడమ్మకి పిచ్చెక్కినాదమ్మా!" గంగులు నవ్వడం మొదలుపెట్టాడు. "కవళ్ళ సేపల కుప్ప పాట వందల్లో నడస్తన్నాది. ఈవిడ పైనుంచి ఒట్టి అంకెలు అరుస్తాది. మూడూ అంటాది. కొంతసేపాగి సున్నా అంటాది. సున్నాకి సేపలు ఎవుడిస్తాడే అని మేవందరం ఒకటే నవ్వు. ఆవిడ నవ్వనేదు. మల్లీ ఇంకో అంకె అరిసింది. అలగ అరిసీసి, సరుకు తీసుకోకుండా దిగి ఎలిపోనాది!"

గాలికి ఫోన్ల కవర్లు కొయ్యకు తగిలి చప్పుడు చేశాయి.

నరసింగరావు కింద కిటికీ వైపు చూశాడు. తర్వాత ఫోన్ల వైపు చూశాడు. పాటలో అంకె అరిస్తే ఈ ఊళ్ళో ఎవరు తల తిప్పి చూస్తారు? డాబా మీద నిలబడి, ఊరందరి ముందు, బ్యాంకు రహస్యాన్ని గొంతెత్తి చదివేసింది ఆ మనిషి.

"దేముడమ్మకు చదువు రాదు" అన్నాడాయన నెమ్మదిగా.

"అంకెలు వచ్చు సార్. చేపలమ్మే మనిషి."

"మరి కింద కూర్చుని కొట్టిందెవరు? కోడలా? కుదరదు. వాళ్ళిద్దరికీ ఒక్క క్షణం పడదు. నిన్న నేను వచ్చినప్పుడూ కొట్టుకుంటున్నారు."

"దేనికి కొట్టుకుంటున్నారో విన్నారా?"

"కూర గురించి ఏదో."

"లాకప్‌లో ఉన్న త్రినాథ్‌కు పంపాల్సిన కూర గురించి. కోడలికి వాడు ఆకలితో ఉన్నాడని బాధ. అత్తకేమో పంపితే మనం దొరికిపోతామని భయం." అనూరాధ మెట్టు మీద కూర్చుండిపోయింది. "ఇద్దరూ ఒక జట్టు కాబట్టే ఆ తగువు సార్."

ఎస్సై టోపీ పెట్టుకున్నాడు. "అయితే ఇద్దర్నీ జీపెక్కిస్తాను."

"ఎక్కిద్దురు గాని. నన్ను ముందు దిగనివ్వండి. వాళ్ళ నోటితో వాళ్ళు చెప్పడానికీ మీరు లాక్కుపోవడానికీ తేడా ఉంది. మీకు పది నిమిషాలు ఆలస్యం, అంతే."

*

వాకిట్లో దేముడమ్మ కత్తిపీట ముందు కూర్చుని చేప తోముతోంది. పొలుసులు చెంపల మీదికి ఎగిరి మెరుస్తున్నాయి. నూకయ్య వల వదిలి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ధనరాజు ఒకసారి తల్లినీ, ఒకసారి పెళ్ళాన్నీ చూస్తున్నాడు. అతనికి సగం అర్థమైంది. మిగతా సగం అర్థం చేసుకోవడానికి భయపడుతున్నాడు.

అనూరాధ ఎవరి పేరూ ఎత్తలేదు. అరుగు మీద నూకయ్యకు ఎడంగా కూర్చుని, మోకాళ్ళు నొక్కుకుంటూ, "త్రినాథ్‌కు రైల్వేలో ఉద్యోగం వచ్చింది" అంది. "పోలీసు ఎంక్వయిరీ ఒక్కటి అయితే చేరిపోతాడు. ఇవాళ కోర్టుకెక్కితే మాత్రం ఇంక ఆ ఉద్యోగం రాదు. తర్వాత నిర్దోషి అని తేలినా రాదు."

కత్తిపీట మీద చెయ్యి ఆగింది.

"ఆడికి ఉజ్జోగమా?" అంది దేముడమ్మ. "నాకు తెల్దే." కోడలి వైపు తిరిగింది. "నీకు తెలుసునేటే?"

తులసి తల అడ్డంగా ఊపింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నాను నిన్నే సెప్దారన్నాను అత్తా."

దేముడమ్మ ఎండ ఎక్కడిదాకా వచ్చిందో చూసింది. వాకిట్లో నీడ ఇంకా గోడ కిందికి చేరలేదు. పన్నెండు కావడానికి ఇంకా టైముంది. ఆమె తోముతున్న చేపను పూర్తిగా తోమి, కడిగి, గిన్నెలో వేసి మూత పెట్టింది. చేతులు కడుక్కుంది. ఆ తర్వాత నీళ్ళు అడిగినంత మామూలుగా మాట్లాడింది.

"మావా, ఇను. ధనా, నువ్వూ ఇను. డబ్బు ఆ కుర్రోడు తియ్యనేదు. నాను తీసినాను. కొత్తవలసలో నా పేరున ఖాతా ఉన్నాది. సేపలు రైలెక్కించడానికి ఎల్తాను కదా, అక్కడి డ్వాక్రా ఆడోలు తీయించినారు. అందులో ఏసినాను."

"అమ్మా!"

"అరవకు. పడవ డబ్బు నాను ముట్టుకోనేదు. అది మీ అయ్యది, నీది. నాను తీసింది నా బుట్ట డబ్బూ, తులసి ఎండబెట్టిన డబ్బూ. అది సెరువులో పొయ్యను. మా కన్నోరింటి కాడ సెరువులు తవ్వీసి మంచినీల బావి ఉప్పు సేసీసినారు. రొయ్యకి రోగమొస్తే ఒక్క రాత్రి తేలిపోతాది. ఒద్దని సెప్పినాను. ఇద్దరిలో ఒక్కడు తలెత్తి సూసినాడా? పన్నెండు దాటిపోతే సెరువు ఎవులికో ఎలిపోతాది, అప్పుడు సెప్దారనుకున్నాను. ఆడి ఉజ్జోగం పోతాదంటే ఆగలేను. ఇప్పుడే సెప్పీసినాను."

 నరసింగరావు టోపీ తీశాడు. "ఆ కంప్యూటర్లో బ్యాంకు ఎలా తెరిచావమ్మా?" అని తులసిని అడిగాడు.

"లినక్స్ వోలు మాటాడుకునే సైటొకటి ఉన్నాది సార్. వొచ్చీ రాని ఇంగ్లీషులో అడిగినాను. ఎవులో తెలుగబ్బాయి, ఏ ఊరో తెల్దు, బ్రౌజరు పేరు మార్సమన్నాడు. తెరుసుకుంది గానీ అన్నీ సరిగ్గా రానేదు. పంపించే బటను కనపడదు. టేబ్ మీట నొక్కుకుంటా, అంచనా మీద ఎల్లినాను." తులసి కొంగుతో ముక్కు తుడుచుకుంది. "డబ్బు తియ్యడానికని నేర్సుకోనేదు సార్. ఎంతున్నాదో సూద్దారనే. అడిగితే నీకెందుకనీవోరు."

నూకయ్య తలొంచుకున్నాడు.

"అకౌంటు నూకయ్యది" అన్నాడు ఎస్సై. "ఎవరి కష్టమైనా కాగితం మీద ఆయనదే. త్రినాథ్‌ను వదిలేస్తాను. కానీ ఫిర్యాదు వెనక్కి తీసుకోకపోతే ఈ కేసు ఇద్దరాడవాళ్ళ మీద నడుస్తుంది. డబ్బు వెనక్కి రప్పించాల్సి వస్తుంది."

"అది ఆలిష్టం" అంది దేముడమ్మ. "ఇంకా పన్నెండు కానేదు. నా మీద కేసు పెట్టి సెరువు తీసుకుంటారో, మానుతారో, అయ్యా కొడుకూ సూసుకోండి. నాను టేసన్‌కి ఎల్తన్నాను. తులసీ, ఆ కేరేజీ తే."

"కూర సల్లారిపోనాదత్తా."

"పరవానేదు. ఆకలితో ఉన్నోడికి ఏడిదేటి, సల్లదేటి."

తులసి పరుగున వెళ్ళి కేరేజీ నింపుకొచ్చింది. ఈసారి ఎవరూ గిన్నె లాక్కోలేదు. ఇద్దరూ జీపు వెనక ఎక్కి, కేరేజీని మధ్యలో పెట్టుకుని కూర్చున్నారు. అనూరాధ తాయారుకు ఫోను చెయ్యబోయి, ఇక్కడ సిగ్నల్ లేదని గుర్తొచ్చి, ఫోను మళ్ళీ సంచిలో వేసుకుంది.

జీపు కదిలేముందు దేముడమ్మ బయటికి తల పెట్టింది. "సద్ది కుండలో ఉన్నాది. పెట్టుకు తినండి."

జీపు మలుపు తిరిగింది. డాబా మీద ఫోను మోగడం మొదలైంది.

"సెరువాయన" అన్నాడు ధనరాజు. గబగబా మెట్ల దగ్గరికి వెళ్ళి, మొదటి మెట్టు మీద కాలు పెట్టి, తండ్రి కోసం ఆగాడు. "అయ్యా, ఏటి సెప్పమంటావు? పోలీసోలు డబ్బు రప్పిస్తారు, సాయంత్రందాకా ఆగమందునా?"

నూకయ్య తన పంచె ముడి సర్దుకున్నాడు. చెయ్యి రొండి దగ్గర కొంచెంసేపు ఆగింది. పైన ఫోను మోగుతూనే ఉంది.

"మోగనీ" అన్నాడు. "మీ అమ్మ నెత్తళ్ళు ఎండేసుకుని ఎలిపోనాది. ఎల్లి కాకుల్ని తోలు."